ఆయమ్మ సర్దేసిన కాగితం

ఆస్పత్రిలో ఆమె అందరికీ ఆయమ్మే. డాక్టర్లకీ, నర్సులకీ, మంచం మీదున్న రోగులకీ, చివరికి జీతాల గుమస్తాకీ కూడా. మగవాళ్ళ వార్డులో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసింది. ఆ వార్డులో పదహారు మంచాలుండేవి. ఏ మంచం కోడు ఊగుతుందో, ఏ కిటికీ రెక్క పడదో ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలిసేది.

వార్డులో మనిషి పోతే ముందు డాక్టరు వస్తాడు, తర్వాత నర్సు టైము రాస్తుంది, ఆ తర్వాతి పనంతా ఆయమ్మది. శరీరాన్ని కిందికి తీసుకుపోయాక అయినవాళ్ళు సంతకాల కోసం ఆఫీసు గదికి వెళ్తారు. వాళ్ళు తిరిగొచ్చేలోపు మంచం ఖాళీ కావాలి. దుప్పటి, దిండు కింద కళ్ళజోడు, స్టూలు మీద సగం తాగిన గ్లాసు, మంచం కింద చెప్పులు. ముందు చెప్పులు తీయాలి. మొదటి ఏడాదే ఆమె ఒక సంగతి చూసింది. అంతసేపూ రాయిలా నిలబడ్డ ఒక ముసలాయన, కొడుకు చెప్పులు కంటబడగానే నేల మీద చతికిలబడిపోయాడు. కనబడితేనే కదా బాధ, కనబడకుండా చేస్తే పోలేదా అనుకుంది ఆమె. అప్పటినుంచీ చెప్పులే ముందు. సామానంతా ఒక సంచిలో వేసి మూతి బిగించడం, పరుపు తిప్పి వేయడం, నేల ఫినాయిలు నీళ్ళతో తుడవడం, అన్నీ కలిపి పదిహేను నిమిషాలు.

"మన ఆయమ్మ చెయ్యి పడిందంటే అక్కడ మనిషి ఉన్న ఆనవాలు కూడా ఉండదు," అని హెడ్ నర్సు కొత్తవాళ్ళకి చెప్పేది. ఆ మెప్పుని ఆయమ్మ ఇంటికి మోసుకెళ్ళి మరీ చెప్పుకునేది.

చెప్పుకోవడానికి ఆమెకు ఉన్నది ఒక్క చెల్లెలే. ఎనిమిదేళ్ళు చిన్నది. తల్లి పోయాక జడ వేసింది, ఒళ్ళు రుద్దింది, పెళ్ళి చేసింది అన్నీ ఆయమ్మే. చెల్లెలు బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. మరిది రేడియోలు, ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసేవాడు. విడిగా దుకాణమంటూ లేదు, భోజనాల బల్లే దుకాణం. ఏ వస్తువు విప్పినా బల్ల మీద పాత పేపరు పరిచి, విప్పిన వరుసలో స్క్రూలన్నీ దాని మీద పెట్టి, ఒక్కోదాని చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి నెంబరు వేసేవాడు. బిగించేటప్పుడు చివరి నెంబరు నుంచి వెనక్కి వచ్చేవాడు. ఆ పేపరు బల్ల మీద ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఇద్దరూ కింద కూర్చుని తినాల్సిందే.

ఆయమ్మ వచ్చినప్పుడల్లా ఆ బల్ల చూసి ఆమెకు చెయ్యి దురద పెట్టేది.

"ఇదేం కొంప మరిదీ, ఎక్కడ చూసినా ఇనప ముక్కలే!"

"వదినొచ్చింది, మీరంతా జాగ్రత్త!" అని రిపేరుకొచ్చినవాళ్ళకి కేకపెట్టేవాడు అతను. "కదలకుండా కూర్చున్నారంటే మిమ్మల్ని కూడా మడతపెట్టి బీరువాలో పెట్టేస్తుంది."

ఒక మంగళవారం పొద్దున అతను చెల్లెలి కుట్టుమిషను విప్పాడు. పన్నెండు స్క్రూలు, రెండు స్ప్రింగులు పేపరు మీద పరిచి, కొత్త బెల్టు కొనుక్కొస్తానని బయటికి వెళ్ళాడు. బెల్టు చేతిలోకి తీసుకుని, చిల్లర కోసం జేబులో చెయ్యి పెట్టినవాడు అలాగే ఒరిగిపోయాడట. ఆస్పత్రికి తెచ్చేసరికే అయిపోయింది.

ఆ పూట ఆయమ్మ డ్యూటీలోనే ఉంది. పరుగెత్తుకొచ్చి చెల్లెల్ని బెంచీ మీద కూర్చోబెట్టి, మొహం కడిగి, పక్కన ఆమె తోడికోడల్ని ఉంచి, "సంతకాలయ్యేసరికి రెండు గంటలు పడుతుంది, నేను ముందు ఇంటికెళ్తా, తాళం ఇవ్వవే," అంది. చెల్లెలు తాళం ఇచ్చింది. ఎందుకని అడగలేదు. అడిగే స్థితిలో లేదు.

ఆ ఇంట్లో ఆయమ్మ తనకు తెలిసిన పని చేసింది. ముందు గుమ్మం దగ్గరి చెప్పులు. తర్వాత మేకుకి వేలాడుతున్న చొక్కా, దిండు గలేబు, గడ్డం గీసుకునే సామాను, అడుగున టీ మిగిలిన కప్పు. దుప్పటి ఉతికి ఆరేసింది. చివరికి బల్ల దగ్గరికొచ్చింది. స్క్రూలూ స్ప్రింగులూ అన్నీ ఎత్తి బిస్కెట్ల డబ్బాలో పోసింది. పేపరు నలిపి చెత్తబుట్టలో వేసింది. బల్లని తడిగుడ్డతో రెండుసార్లు తుడిచింది. వీధిలో చెత్తబండి గంట వినబడితే బుట్ట పట్టుకెళ్ళి బండిలో బోర్లించి వచ్చింది.

ఆమె లోపలికొచ్చి చేతులు కడుక్కుంటుండగానే చెల్లెలు వచ్చింది. సంతకాలు అనుకున్నదానికన్నా తొందరగా అయిపోయాయి. ఇల్లు తప్పి మరో ఇంట్లోకి వచ్చినదానిలా గుమ్మంలో నిలబడింది. ఒక్కో గదీ చూసుకుంటూ బల్ల దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"ఇక్కడి కాగితమేదీ అక్కా?"

"ఏ కాగితమే?"

"స్క్రూలు పెట్టిన పేపరు. ఆయన రాసిపెట్టింది."

"స్క్రూలన్నీ డబ్బాలో ఉన్నాయిలే, ఒక్కటీ పోలేదు. అది పాత పేపరే కదే. ముందు నువ్వు కూర్చో."

అప్పటికి చెత్తబండి ఇంకా వీధి చివరే ఉంది. గంట వినబడుతూనే ఉంది. ఆయమ్మ గబగబా నడిచినా అందుకునేది. కానీ ఇంత దుఃఖంలో పేపరు ముక్క కోసం చెత్త కెలకడం ఏమిటి అనుకుంది. చెల్లెలి చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. కాసేపటికి గంట వినబడడం మానేసింది.

చెల్లెలు ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాటెత్తలేదు. తగువు పడలేదు, రాకపోకలు మానలేదు. ఆయమ్మ ప్రతి ఆదివారం వెళ్ళేది. మొదట్లో చెల్లెలు, "ఆయన ఉంటే ఈపాటికి..." అని మొదలుపెట్టేది. "ఊరుకోవే, తలుచుకుంటే బాధ తప్ప ఏముంది? ఇంతకీ తిన్నావా?" అని ఆయమ్మ మాట తిప్పేసేది. కొన్నాళ్ళకి చెల్లెలు మొదలుపెట్టడమే మానేసింది. మోటారు మిషను కొనుక్కుంది. పాత మిషను మూలన గుడ్డ కప్పుకుని ఉండిపోయింది. "మా చెల్లెలు గట్టిది, తొందరగా తేరుకుంది," అని ఆయమ్మ వార్డులో గొప్పగా చెప్పింది. అలా ఏడేళ్ళు గడిచాయి. ఆమె రిటైరై ఇంట్లో కూర్చుంది.

ఆమె ఉండే మేడలో కింది వాటాలో ఒక రిటైరైన బస్సు కండక్టరు ఉండేవాడు. ఎండాకాలం చివర్లో అతని భార్య పోయింది. వారం తర్వాత ఆయమ్మ చీపురు, సంచీ తీసుకుని దిగింది. ఒంటరి మగవాడు, ఇల్లెలా ఉందో ఏమో అనుకుంది. మంచం కింద చెప్పులు తీసి సంచిలో వేసింది. అతను చూసి ఊరుకున్నాడు. కిటికీ గట్టు మీద దువ్వెన ఉంది, దానికి నాలుగు నెరిసిన వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి. ఆయమ్మ చెయ్యి అటు చాచింది.

"అది మాత్రం ఉండనివ్వు చెల్లెమ్మా."

"వెంట్రుకలున్నాయి అన్నయ్యగారూ, తీసి కడిగి పెడతాను."

"ఆ వెంట్రుకల మీదే నలభై ఏళ్ళు అరిచాను. దువ్వుకున్నాక తీసి పారెయ్యవే అని రోజూ. రోజూ అలాగే వదిలేసేది మహాతల్లి. అవి కూడా తీసేస్తే నేనింక దేని మీద అరవను?"

అంటూ నవ్వబోయాడు. నవ్వు సగంలోనే విరిగిపోయింది.

ఆయమ్మ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. చేతిలో పని లేకుండా దుఃఖం ఎదుట నిలబడడం ఆమెకు అదే మొదటిసారి. సంచిలోంచి చెప్పులు తీసి మంచం కింద ఎలా ఉన్నవి అలాగే పెట్టింది. స్టూలు లాక్కుని కూర్చుంది. "ఆవిడ కోపం మనిషా అన్నయ్యగారూ?" అని అడిగింది, ఏదో ఒకటి అడగాలని.

అతను గంటన్నర మాట్లాడాడు. పెళ్ళిలో తప్పిపోయిన చెవిపోగు నుంచి ఆస్పత్రిలో ఆమె ఆఖరిసారి కసిరిన కసురు దాకా అన్నీ. చివర్లో, "ఈ వారంలో ఎంతమందో వచ్చారు చెల్లెమ్మా. తిన్నావా, మందులేసుకున్నావా, ధైర్యంగా ఉన్నావా అని అందరూ నా గురించే అడిగారు. ఆవిడ గురించి ఒక్కరు అడగలేదు. ఇంట్లో లేని మనిషిని నోట్లోంచి కూడా పంపించేస్తే ఎలా?" అన్నాడు.

మెట్లెక్కుతూ ఆయమ్మ రెయిలింగు పట్టుకుని మధ్యలోనే ఆగిపోయింది. ఏడేళ్ళ ఆదివారాలు. చెల్లెల్ని తను అడిగిందేమిటి? "తిన్నావా?"

మర్నాడు ఆదివారం కాదు. అయినా రెండు బస్సులు మారి వెళ్ళింది. చెల్లెలు కాలర్లు కుడుతోంది. బళ్ళు తెరిచే ముందు రోజులు, నేలంతా తెల్లగుడ్డ.

"ఏంటక్కా, ఇవాళొచ్చావు? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నాను. మిషను ఆపవే ఒకసారి."

చెల్లెలు కాలు తీసింది. మిషను హోరు ఆగింది.

"ఆ రోజు నువ్వు కాగితం అడిగావే, అప్పటికి చెత్తబండి ఇంకా వీధిలోనే ఉంది. నాకు గంట వినబడింది. పరుగెత్తితే దొరికేది. నేను వెళ్ళలేదు."

చెల్లెలు చేతిలోని కాలరు అంచు సరిచేసింది.

"నాకూ వినబడిందక్కా."

"మరి నువ్వెందుకు వెళ్ళలేదే?"

"లేవబోయాను. నువ్వు చెయ్యి పట్టుకున్నావు."

ఆయమ్మ తన చేతుల వైపు చూసుకుంది. ఆ పట్టు ఆమెకు బాగా గుర్తే. చెల్లెలు పడిపోతుందేమోనని గట్టిగా పట్టుకున్నాననే ఇన్నాళ్ళూ అనుకుంది.

"ఏం రాశాడే దాని మీద?" ఏడేళ్ళు ఆలస్యంగా అడిగింది.

"నెంబర్లే. మూలన ఏదో జోకు కూడా రాశాడు, నా మీద. నా మిషను మీద. మహారాణిగారి బండి అని మొదలు. తర్వాత ఏదో ఉంది, చదివి నెత్తి మీద ఒక్కటిచ్చాను కూడా." కళ్ళు మూసుకుని వెతుక్కుంది. "వచ్చాక మళ్ళీ చదువుదాంలే అనుకున్నాను. ఏడాది దాకా గుర్తుండేది. రాత్రిళ్ళు అనుకునేదాన్ని. ఎవరికైనా ఒకసారి చెప్పి ఉంటే నిలిచేదేమో."

ఆ "ఎవరైనా" అంటే ఎవరో ఆయమ్మకు తెలుసు. అయినా క్షమించమని అడగలేదు. అడిగితే చెల్లెలు వెంటనే, "పోనీలే అక్కా," అంటుంది, ఆ మాటతో ఇదీ సర్దేసినట్టే అయిపోతుంది.

"డబ్బా ఉందా?" అంది.

పాత మిషను సొరుగులోంచి బిస్కెట్ల డబ్బా వచ్చింది. చెల్లెలు బల్ల మీద ఆ పొద్దున వచ్చిన పేపరే పరిచింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. చెల్లెలు స్క్రూలని వేలితో కదుపుతూ, "ఇది సూది దగ్గరిది. ఇదే మొదటిది, విప్పుతూ తిట్టుకున్నాడు," అంది. ఆయమ్మ పెన్సిలుతో సున్నా చుట్టి ఒకటి వేసింది. రెండోది పాదం దగ్గరిది. మూడోది ఆ రోజు జారి నేల మీద పడితే, మొగుడూ పెళ్ళాలిద్దరూ మోకాళ్ళ మీద వెతికారట, తలలు కొట్టుకున్నాయట. అది చెబుతూ చెల్లెలు నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఆయమ్మ నోటిదాకా, "ఊరుకోవే," వచ్చింది. పెదాలు బిగించుకుంది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

ఎనిమిది దాకా వచ్చాయి. తొమ్మిదోది ఏదో చెల్లెలికి తెలియలేదు. ఒకటి తీసి పెట్టింది, కాదని తీసేసింది. ఇంకొకటి పెట్టింది.

"గుర్తు రావట్లేదక్కా."

మిగిలిన నాలుగు స్క్రూలూ డబ్బా మూతలో ఉండిపోయాయి. మధ్యాహ్నమైంది. చెల్లెలు లేచి కంచాలు తెచ్చి, అలవాటుగా బల్ల వైపు వచ్చి ఆగింది. ఆయమ్మ ఆమె చేతిలోంచి కంచాలు అందుకుని, తెల్లగుడ్డ పక్కకి జరిపి నేల మీద పెట్టింది.