బొట్టు పెట్టి పిలిచిన శిక్షణ

గురువారం ఉదయం ఆరున్నరకు మేడ్చల్‌లోని తన ఇంట్లో సిస్టరమ్మ కన్నుమూశారు. గుండెపోటు. సోమవారం శామీర్‌పేటలో మొదలు కావలసిన శిక్షణకు ఆమే ముఖ్య శిక్షకురాలు. మంచం పట్టిన రోగులను ఇంటి దగ్గరే ఎలా చూసుకోవాలో ఆశా కార్యకర్తలకు నేర్పే శిక్షణ అది. దానికి డబ్బు పెడుతున్న ట్రస్టు ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఒక వైద్య వాహనం తిప్పబోతోంది. శిక్షణ పూర్తి చేసినవాళ్లకు అందులో నెల జీతం మీద ఉద్యోగం ఇస్తామంది. అంత్యక్రియల దగ్గరే కొందరు నన్ను పక్కకు పిలిచి, సోమవారం క్లాసు ఉంటుందా అని అడిగారు. విలేకరిని కాబట్టి తెలిసి ఉంటుందనుకున్నారు. నాకు తెలియదు.

మా వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సుగా చేరి, సూపర్‌వైజర్‌గా రిటైరైన తర్వాత కూడా సిస్టరమ్మే. మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవారు. సాయంత్రం గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, చక్కెర లేని టీ అర కప్పు తాగేవారు. వీధిలో ఎవరు కాస్త కుంటుతూ నడిచినా ఆపి, చెప్పు విప్పించి పాదం చూసేవారు.

నాతో ఆమె పరిచయం ఒక తిట్టుతో మొదలైంది. ఏదో ఆరోగ్య శిక్షణ ప్రారంభం గురించి నేను రాసిన వార్త పట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"ఘనంగా ప్రారంభం అని రాసినవ్. ఎప్పుడు ఆగిపోయిందో మల్ల వచ్చి చూసినవా పేపరాయనా?"

ఆగిపోయిందన్న సంగతే నాకు తెలియదు. అప్పటి నుంచి ఏ శిక్షణకైనా ప్రారంభానికి వెళ్లినా వెళ్లకపోయినా, ఆఖరి రోజు వెళ్లడం అలవాటు చేసుకున్నాను. రాయవలసింది ఎక్కువగా ఆ రోజే దొరుకుతుంది.

ఆ ఆగిపోయిన శిక్షణ ఆమె రిటైరయ్యాక మొదటిసారి నడిపినది. కొంపల్లిలో ఏసీ హాలు, మంచి భోజనం, చివర సర్టిఫికెట్. వారం తిరగకముందే సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఇక్కడి ఆడవాళ్లకు ఆసక్తి లేదని రాసుకుని, డబ్బిచ్చినవాళ్లు వెళ్లిపోయారు. సిస్టరమ్మ ఆ మాట ఒప్పుకోలేదు. మానేసిన ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లారు. అలా వెళ్లిన ఇళ్లలో శామీర్‌పేట దగ్గరి స్వరూప ఇల్లు ఒకటి. స్వరూప ఆశా కార్యకర్త. మాట్లాడింది మాత్రం ఆమె అత్త.

"పొద్దుగాల పోతే పొద్దుమీకి వస్తాంది. పిల్లగాన్ని నేనే సూడాలె, బర్రెను నేనే సూడాలె. ఏం నేర్పుతున్రో, ఎందుకు నేర్పుతున్రో నాకెవలన్న జెప్పిన్రా? నన్నెవలన్న పిలిచిన్రా?"

ఆ సాయంత్రం గేటు దగ్గర టీ తాగుతూ సిస్టరమ్మ నాతో, "పిలవాల్సినోళ్లను పిలువలే మనం. కోడండ్లను పిలిచినం" అన్నారు.

మరుసటి బ్యాచ్‌కు ఆమె పద్ధతి మార్చారు. సంచిలో బీపీ మిషను పక్కన ఇత్తడి కుంకుమ భరిణ చేరింది. క్లాసులు మొదలయ్యే ముందు వారం ఇంటింటికీ వెళ్లి, పెళ్లికి పిలిచినట్టు అత్తలకు బొట్టు పెట్టి పిలిచేవారు. ముస్లింల ఇళ్లకు ఖర్జూరాల పొట్లం తీసుకెళ్లేవారు. మా ప్రాంతంలో బొట్టు పెట్టి పిలిచాక వెళ్లకపోవడం అంత తేలిక కాదు. ఒకరోజు నేనూ ఆమె వెంట వెళ్లాను. స్వరూప అత్త భరిణ చూడగానే రెండడుగులు వెనక్కి వేసింది.

"నాకెందుకమ్మా బొట్టు? ఆయన పోయి శానా ఏండ్లాయె."

"నా మొగడు గూడ పోయిండు. నేను పెట్టుకుంటలేనా? అయినా పెండ్లికి పిలుస్తలేనక్కా, బీపీ చూపిచ్చుకోనీకి పిలుస్తున్న. బీపీ అందరికుంటది."

ఆమె కదలలేదు. సిస్టరమ్మ కూడా చెయ్యి దించలేదు. వేలికి అంటిన కుంకుమతో అలాగే నిలబడ్డారు. పక్కింటివాళ్లు బయటికి వచ్చి చూశారు. కాసేపటికి స్వరూప అత్త కొంగుతో నుదురు తుడుచుకుని ముందుకు వంగింది.

ఆ బ్యాచ్ శామీర్‌పేట కమ్యూనిటీ హాలులో ఆఖరి రోజు దాకా నడిచింది. కోడళ్లు అత్తల చేతులకు పట్టా కట్టి బీపీ చూడడం నేర్చుకున్నారు. ఒకావిడకు బీపీ ఎక్కువ చూపిస్తే, "కోడలి చేతుల చెయ్యి పెడితే పెరగక ఏమైతది?" అంది. హాలంతా నవ్వింది. సిస్టరమ్మ నవ్వలేదు. "పట్టా కట్టినంక ఎవలు మాట్లాడొద్దు. విప్పినంక అంకె జెప్పే ముందు, నిద్ర వట్టిందా అని అడుగున్రి" అన్నారు. ప్రతి క్లాసులోనూ ఆమె చెప్పే మాట అది.

స్వరూప మాత్రం ఆ బ్యాచ్‌లో లేదు. క్లాసులు మొదలయ్యే ముందు అత్త బావి గచ్చు మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. స్వరూప ఇంటి దగ్గరే ఉండిపోయింది. సిస్టరమ్మ సాయంత్రం క్లాసు ముగించుకుని వాళ్లింటికి వెళ్లేవారు. మంచంలో ఉన్న మనిషిని నొప్పి లేకుండా పక్కకు ఎలా తిప్పాలో, వీపు మీద పుండు పడకుండా ఏం చేయాలో స్వరూపకు అక్కడే నేర్పారు. ఆ ముసలామె లేచి, కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చిన రోజే ఈ కొత్త శిక్షణ ఆలోచన వచ్చిందని నాతో చెప్పారు. మంచం పట్టినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, చూసేవాళ్లకు నేర్పేవాళ్లు లేరు అన్నది ఆమె వాదన.

దానికి డబ్బు దొరకడానికి చాలా కాలం పట్టింది. ట్రస్టు తరఫున వచ్చిన సమన్వయకర్త ప్రసాద్‌ది గుంటూరు వైపు, ఇప్పుడు కొంపల్లిలో ఉంటున్నాడు. సిస్టరమ్మా అతనూ మా ఇంటి వరండాలోనే కూర్చుని మాట్లాడుకున్నారు. శిక్షణకు వచ్చిన రోజుల్లో ఆశా కార్యకర్తలు పోగొట్టుకునే ఆదాయం ఇవ్వడానికి అతను ఒప్పుకున్నాడు. అత్తల దగ్గర ఆగాడు.

"అమ్మా, నేర్చుకునేవాళ్లకే భోజనం అండి. అత్తగార్లని ఏ పద్దు కింద చూపించమంటారు?"

"మంచం మీద మనిషిని తిప్పుడు నేర్పనీకి పండుకునేటోళ్లు గావాల్నా వద్దా బిడ్డా?"

"దానికి బొమ్మ కొంటున్నాం కదండీ."

"బొమ్మ తిట్టది. అత్త తిడ్తది. తిట్టంగ గూడ చెయ్యి వణకకుంట తిప్పుడు రావాలె."

ప్రసాద్ నవ్వాడు. అత్తలు ప్రతిపాదనలోకి అభ్యాసానికి సహకరించే రోగులుగా వెళ్లారు. పై ఆఫీసు అభ్యంతరం చెప్పలేదు.

బుధవారం సిస్టరమ్మ, స్వరూప కలిసి పిలుపులకు తిరిగారు. దగ్గరి ఊళ్లు అయ్యాయి. జవహర్‌నగర్ వైపు ఇళ్లు మిగిలాయి. దారిలో ఆమెకు ఆయాసం వచ్చింది. ఎండ అన్నారట. సంచి స్వరూపకే ఇచ్చి, "రేపు నువ్వే తీస్కరా. నేను బస్టాండుకాడికి వస్త" అన్నారట. గురువారం ఉదయం స్వరూప ఆ సంచితో శామీర్‌పేట బస్టాండులో నిలబడి ఉండగా ఫోన్ వచ్చింది.

ఈ రోజు శనివారం, మూడో రోజు. పిట్టలకు అన్నం పెట్టి వచ్చాక అందరం సిస్టరమ్మ ఇంటి ముందు షామియానా కింద కూర్చున్నాం. ప్రసాద్ వచ్చాడు. సిస్టరమ్మ దగ్గర నేర్చుకున్న ఒక నర్సు పాఠాలు చెప్పడానికి ట్రస్టు ఒప్పుకుందన్నాడు. అయితే ఇంకో మాట కూడా చెప్పాడు.

"సోమవారం సీట్లు నిండకపోతే మాత్రం ఈ ఏడాదికి ఆపేస్తారండి. వచ్చే ఏడాది ఈ డబ్బు వేరే జిల్లాకి వెళ్లొచ్చు. నా చేతుల్లో ఉండదు."

స్వరూప జవహర్‌నగర్ వైపు మిగిలినవాళ్లందరికీ ఫోన్‌లో మెసేజ్‌లు పెట్టింది. జవాబుగా దండం పెట్టే బొమ్మలు వచ్చాయి. వస్తామని ఎవరూ రాయలేదు. ఆమె సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"భరిణ నాకాన్నే ఉన్నది సార్. పట్టుకపోతే సచ్చినామె భరిణ తెచ్చినవని వాకిట్లనే ఆపుతరు. కొత్తది కొంటే అమ్మ పిలిచినట్టు గాదు. నాకు రెండుసార్లు పోయింది గీ ట్రైనింగు. మూడోసారి గూడ పోతదా ఏంది?"

పక్కన కర్ర ఆనించుకుని కూర్చున్న ఆమె అత్త చెయ్యి చాపింది.

"ఇటు తే."

భరిణ మూత తీసి చూసి, మళ్లీ పెట్టింది. "నేను పోత. నేను పెడ్త బొట్టు."

అక్కడున్న ఒకావిడ మెల్లగా అంది: "నువ్వు పెడితే పెట్టిచ్చుకుంటరా అక్కా?"

"పెట్టిచ్చుకోకుంటే చెయ్యి సాపి నిలవడ్త. ఆమె నా ముంగట నిలవడలేదా?"

స్వరూప, "కాలు నొస్తది అత్తమ్మా, అంత దూరం" అంది.

"నడుస్త అన్ననా? ఆటో మాట్లాడు."

రేపు ఆదివారం ఎనిమిది గంటలకు ఆటో వాళ్ల ఇంటికి వస్తుంది. జవహర్‌నగర్ వైపు మిగిలిన ఇళ్లన్నీ తిరుగుతారు. సోమవారం ఉదయం పది గంటలకు కమ్యూనిటీ హాలులో మొదటి క్లాసు. ఆఖరి రోజుతో పాటు ఈసారి ఆ రోజూ వెళ్తాను. హాలు మధ్యలో ఒక మంచం వేస్తారు. రోగిని పక్కకు తిప్పడం మొదటి పాఠం. మొదట ఆ మంచం మీద పడుకునేది స్వరూప అత్త. తిప్పేది స్వరూప.