మా వదిన ముక్కు

ముందే చెబుతున్నాను, మా మేనేజర్ గురించి మర్యాదగా రాయడం నా వల్ల కాదు. అయినా ఇది ఆయన కథ కాదు, మా వదిన కథ. ఆడబిడ్డ నోటి వెంట వదిన గురించి నాలుగు మంచి మాటలు వస్తున్నాయంటే ఆవిడ ఎలాంటి మనిషో మీరే ఊహించుకోండి.

మాది ఇనప బీరువాలు, ఆఫీసు టేబుళ్లు తయారుచేసే ఫ్యాక్టరీ. నేను రంగుల గదిలో స్ప్రే గన్ పట్టుకునేదాన్ని, వదిన స్టోరు చూసేది. ఇరవై రెండేళ్లు చూసింది. మాస్కులు, గ్లౌజులు, కళ్లజోళ్లు, బూట్లు, ఏవి కొనాలన్నా ముందు పరీక్షించి, పరీక్షించిన మనిషి సంతకం పెట్టాలని ప్రభుత్వ తనిఖీ ఆఫీసు రూలు. చాలా చోట్ల ఆ సంతకం కళ్లు మూసుకుని గీకేస్తారు. మా వదిన గ్లౌజు వేళ్లలోకి రంగు పలచన చేసే థిన్నర్ పోసి పొద్దున్నే తీగకు వేలాడదీసేది. సాయంత్రానికి వేళ్లు ఉబ్బినా, కింద ఒక్క చుక్క కనిపించినా ఆ సరుకు వచ్చిన దారినే వెనక్కి పోయేది.

మాస్కుల దగ్గరైతే ఇంకా పట్టుదల. రంగుల గదికి కావాల్సినవి రెండు పక్కలా గుండ్రటి డబ్బాలుండే మాస్కులు. ఆ డబ్బాల్లో ఉండే బొగ్గు పొడి థిన్నర్ ఆవిరిని లాగేసుకుంటుంది. దుమ్ముకు కట్టుకునే గుడ్డ మాస్కు అక్కడ ఎందుకూ కొరగాదు. వదిన కొత్త మాస్కు తగిలించుకుని, థిన్నర్‌లో తడిపిన గుడ్డను తన మొహం ముందు నన్ను పట్టుకోమనేది. తల పైకెత్తి, కిందికి దించి, అటూ ఇటూ తిప్పుతూ వంద లెక్కపెట్టేది. కాస్త వాసన తగిలిందా, పెదవి విరిచేది. ఒకసారి టై కట్టుకున్న సేల్స్‌మన్ ఒకడు తన సరుకు గురించి గంటసేపు ఊదరగొట్టాడు.

"అంత గొప్పదైతే మీరే పెట్టుకోండి బాబూ" అంది వదిన.

వాడు యాభై దాకా కూడా ఆగలేదు. మాస్కు పీకేసి దగ్గుకుంటూ గేటు దాటాడు. మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. గడ్డంతో వచ్చినవాడికి వదిన అసలు మాస్కే ఇచ్చేది కాదు. "ఆ వెంట్రుకల సందులోంచి గాలి దూరుతుంది, గీసుకుని రా పో" అని తరిమేది. అందరూ ఆవిడను ముక్కమ్మ అనేవాళ్లు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆవిడకు అదొక బిరుదు.

పోయిన ఏడాది కొత్త మాస్కులొచ్చాయి. వదిన పెట్టుకుని చూసింది, వంద లెక్కపెట్టింది, బాగున్నాయని సంతకం పెట్టింది. వాటిని తగిలించుకున్న మొదటి రోజే నాకు లోపల థిన్నర్ గుప్పుమంది. మధ్యాహ్నానికి తల బద్దలైపోయింది. తిండి నోట్లో పెట్టుకుంటే రంగు నములుతున్నట్టే ఉంది.

ఇక్కడ మేం చేసిన బుద్ధితక్కువ పని చెప్పాలి. ఇంకెక్కడైనా జనం మాస్కును అనుమానిస్తారు. మేం మా ముక్కుల్ని అనుమానించాం.

"ముక్కమ్మ పాస్ చేసిందంటే మాస్కులో లోపం ఉండదు. వాసన మన బట్టలకే పట్టి ఉంటుంది" అన్నాడు పొడుగాయన. మా గదిలో వయసుకూ పనికీ ఆయనే పెద్ద. అందరం బుద్ధిగా తలలూపాం. నేను పని బట్టల్ని రెండేసి సార్లు ఉతికాను. మొహం తోలు ఊడేలా సబ్బుతో తోముకున్నాను. అయినా ఉండబట్టలేక ఒకరోజు వదిననే అడిగాను.

"మాస్కులోకి వాసన వస్తోంది వదినా."

"వంద దాకా లెక్కపెట్టానే! నా ముక్కు కంటే నీ ముక్కు గొప్పదా?"

వెళ్లి మళ్లీ ఆ మాస్కే తగిలించుకున్నాను. అలా ఎనిమిది నెలలు ఆ విషాన్ని పీల్చాం. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఒక సెలవు రోజున పొయ్యి మీద పాలు పొంగి, మాడి, ఇల్లంతా కంపు కొట్టింది. వీధిలో ఎవరితోనో మాట్లాడుతున్న మా అన్నయ్య పరుగెత్తుకొచ్చాడు. వదిన మాత్రం పొయ్యికి వీపు పెట్టి, రెండడుగుల దూరంలో తీరిగ్గా కూరగాయలు తరుగుతోంది.

"ఏంటి వదినా, ఇల్లు తగలబెట్టి ఆడబిడ్డ పీడ వదిలించుకుందామనా?" అన్నాను.

"చూసుకోలేదే" అంది.

మాడు వాసనకు చూడటం ఎందుకు? గబగబా పని సంచిలోంచి, చేతులకంటిన రంగు వదిలించుకునే థిన్నర్ సీసా తీసి, గుడ్డ తడిపి తెచ్చాను. కళ్లు మూసుకోమంటే నవ్వుతూనే మూసుకుంది. ముక్కుకు అంగుళం దూరంలో గుడ్డ పట్టుకున్నాను. ఆ ఘాటుకు నా కళ్లే మండాయి.

"ఊఁ, మూసుకున్నా. ఇప్పుడేం చెయ్యాలి?" అంది.

వదిన కళ్లు తెరిచి, నా చేతిలో గుడ్డను చూసింది. ఇరవై రెండేళ్లు మాకోసం ఆ థిన్నర్ పీల్చీ పీల్చీ, వాసన కొంచెం కొంచెంగా ఎప్పుడు పోయిందో ఆవిడకే తెలియలేదు.

"అయితే మీరంతా ఎనిమిది నెలలుగా..." అంది. ఆ రోజు మంచినీళ్లు కూడా ముట్టలేదు.

మర్నాడు ఇద్దరం మేనేజర్ దగ్గరికి వెళ్లాం. పుల్లతో పళ్లు కుట్టుకుంటూ విన్నాడు.

"సార్, నాకు వాసన తెలియట్లేదు. ఆ మాస్కులు వెనక్కి పంపించండి. నా సంతకం కొట్టేయండి."

"తెలుసమ్మా" అన్నాడు. "ఆ మాస్కులు రాకముందు ఈ గదిలో థిన్నర్ సీసా పగిలింది, గుర్తుందా? మేమంతా బయటికి పరుగెత్తాం. నువ్వు మాత్రం ఇక్కడే నిలబడి కాగితాలు సర్దుకుంటున్నావు. అప్పుడే అర్థమైంది."

"తెలిసీ నాతోనే పరీక్ష చేయించారా?"

"ముక్కున్నన్నాళ్లు ఒక్క సరుకైనా తిన్నగా పాస్ చేశావా నువ్వు? రూలుకు కావాల్సింది సంతకం, ముక్కు కాదు. ఇంకో రెండేళ్లలో రిటైరవుతావు. వెళ్లి పని చూసుకో."

నవ్వాడు కూడా. ఆ నవ్వుతో పళ్ల సందులోది ఊడొస్తే, మా కళ్ల ముందే టేబుల్ అంచుకు రాశాడు. ఛీ! ఆ మొహం మీద ఉమ్మకుండా ఎలా బయటికొచ్చానో నాకే తెలియదు.

వదిన తిన్నగా రంగుల గదికి వెళ్లి, స్ప్రే గన్‌లకు గాలి కొట్టే కంప్రెసర్ ఆపేసింది. ఏడుగురం చుట్టూ చేరాం.

"నా ముక్కు చచ్చిపోయింది. అది తెలియక మీకు పనికిమాలిన మాస్కులిచ్చాను. తిట్టండి, పడతాను."

ఎవరూ తిట్టలేదు. "మా ముక్కులు మొత్తుకుంటున్నా నీ మాటే నమ్మాం కదక్కా" అని ఒకామె నెమ్మదిగా అంది. తిట్టినా బాగుండేది.

"ఇక నన్ను నమ్మొద్దు. మాస్కులు మీరే పరీక్షించుకోండి. ముందు మీ ముక్కులు బాగున్నాయో లేదో చూద్దాం, మాస్కులు తీసేయండి."

పెద్దవాడని మొదట పొడుగాయన ముందు థిన్నర్ గుడ్డ పట్టుకుంది. ఆయన పీల్చాడు. ఇంకోసారి గట్టిగా పీల్చి, మా అందరి మొహాలూ చూశాడు.

"మొదట్లో వాసన వచ్చేదమ్మా" అన్నాడు. "రెండు నెలలుగా లేదు. కొత్త బట్టలు కుట్టించుకున్నా కదా, అందుకే పోయిందనుకున్నా."

ఏడుగురిలో ముగ్గురికి వాసన పోయింది. వదిన తాను సంతకం పెట్టిన కాగితం వెనకే ఆ ముగ్గురి పేర్లూ, వాటి పైన తన పేరూ రాసుకుని, ఆ పూటే తనిఖీ ఆఫీసుకు నడిచింది. మాస్కులు మారాయి. వదిన ఉద్యోగం పోయింది. మేనేజర్‌ను ఇంకో బ్రాంచికి పంపారు, అదీ పై హోదా ఇచ్చి. ఇలాంటి వాళ్లకు ఎప్పుడూ ఎక్కడో ఒక కుర్చీ సిద్ధంగా ఉంటుంది. ముగ్గురిలో ఎవరికీ వాసన తిరిగి రాలేదు.

ఆ మేనేజర్‌ను కడిగేద్దామనే ఇదంతా మొదలుపెట్టాను. కానీ ఒక మాట దాచాను. ఆ రోజు వరసలో చివర నిలబడింది నేను. వదిన నా ముందు గుడ్డ పట్టుకుంది. ఘాటు నషాళానికి అంటింది. పొడుగాయన నా పక్కనే తల దించుకుని నిలబడి ఉన్నాడు. నేను "అమ్మయ్య" అన్నాను. మనసులో కాదు, పైకే అన్నాను. ఆయన విన్నాడు.