హెడ్మాస్టరు పెట్టిన పుట్టినరోజు

విద్యార్థులు వెల్లువలా వచ్చిపడుతున్న ఆ ఏళ్లలో కెనడాలో సార్నియా అనే ఊళ్లోని ఒక కాలేజీలో నన్ను రికార్డ్స్ ఆఫీసరుగా వేశారు. చేరేవాళ్ల కాగితాలు సరిచూడటం నా పని. అనుమానం వస్తే మా మేనేజరు మార్గరెట్ ‘హోల్డ్’ పెట్టేది. హోల్డ్ పడితే రిజిస్ట్రేషన్ ఆగుతుంది. అది ఆగితే స్టడీ పర్మిట్‌కే ఎసరు.

ఒక సెప్టెంబరులో ఆ హోల్డ్ వరంగల్ అమ్మాయి సింధూజ మీద పడింది. నలభై మంది ఉన్న ఆమె క్లాసులో ఒంగోలు అబ్బాయి ఒకడిదీ అదే పుట్టినరోజు. ఇద్దరికీ అప్లికేషన్ పెట్టింది ఒకే ఏజెంటు. ఏడాదిలో అన్ని రోజులుండగా ఇదెలా కుదిరిందని మార్గరెట్ అనుమానం. ఏజెంటే తేదీ పుట్టించాడని తేల్చేసింది. రిజిస్ట్రేషన్ గడువు మర్నాటితో సరి.

సింధూజ నా కౌంటరు ముందు నిలబడి, “అంకుల్, మా అమ్మ నన్ను ఆ రోజే కన్నది. ఇప్పుడు మార్చుకోమంటే ఎట్ల?” అంది. నవ్వొచ్చింది గానీ, ఆ పిల్ల కళ్లు చూసి మింగేశాను.

మార్గరెట్‌కు లెక్క చెప్పాను. ఫలానా రోజునే పుట్టినవాడు దొరకడం అరుదే. ఎవరో ఇద్దరికి ఏదో ఒక రోజు కలవడం వేరు. ఒక్కొక్కరినీ మిగతా అందరితో జతకట్టి చూడాలి. ఇరవై ముగ్గురుంటే చాలు, కలిసే అవకాశం సగానికి పైనే. నలభై మందిలో కలవకపోతేనే వింత. ఆమె నమ్మలేదు. మన ఆఫీసులోనే చూద్దాం, కలిస్తే హోల్డ్ తీసేస్తానంది. మేము ముప్పై మందిమి.

లంచ్ రూములో ఒక్కొక్కరూ చెబుతున్నారు. సగం మంది అయిపోయినా ఏదీ కలవలేదు. మార్గరెట్ నవ్వు దాచుకోవడం కూడా మానేసింది. నా వంతు వచ్చింది. అలవాటుగా జూన్ ఒకటి అన్నాను. ఆమె నవ్వు ఆగింది. తనదీ అదే రోజు.

గెలిచాను గానీ, ఆ గెలుపు నాది కాదు. జూన్ ఒకటి మా హెడ్మాస్టరుగారి చలవ. తేదీ తెలియని పిల్లలందరికీ ఆయన బడి తెరిచే నెల ఒకటో తేదీయే రాసేసేవారు. మా అమ్మ లెక్కలో నేను కార్తీకంలో పుట్టాను. దొంగ తేదీలు పట్టే ఆఫీసరు తేదీయే ఉత్తుత్తిది. నోరు మూసుకుంటే సింధూజ గట్టెక్కుతుంది. ఆ సంగతి తెలిసీ మూసుకోలేకపోయాను, చెప్పేశాను.

మార్గరెట్ నన్ను ఎగాదిగా చూసి, ఈ జత చెల్లదు, తర్వాతివాళ్లు చెప్పండి అంది. చివరికి పక్కపక్క సీట్లలో ఏళ్లుగా కూర్చుంటున్న ఇద్దరు గుమాస్తాలవి కలిశాయి. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ సాయంత్రమే సింధూజ రిజిస్టర్ అయింది.

రెండు తేదీలు కలిసినంత మాత్రాన మోసం కాదు. అనుమానించే ముందు ఎన్ని జతలున్నాయో చూడాలి. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదే. మార్గరెట్ ఏం నేర్చుకుందో గానీ, ఏటా జూన్ ఒకటిన ఫోన్ చేసి, తనకు నా చేత శుభాకాంక్షలు చెప్పించుకుని, మీ హెడ్మాస్టరుగారికి నావి అందజేయమంటుంది.