ఏనుగును కుట్టిన చీమ

మా బావ కుదురుగా కూర్చోవడం కళ్ళద్దాలు అరగదీసే మిషన్ ముందు తప్ప ఇంకెక్కడా ఎవరూ చూడలేదు. అన్నం తింటూ లేచి ఫ్యాను తగ్గిస్తాడు, తిరిగొచ్చి కూర్చుని, లేచి పెంచుతాడు. "కాలుగాలిన పిల్లిని కట్టుకున్నానురా," అంటుంది అక్క.

అలాంటి మనిషికి వాళ్ళన్నయ్య, ఇల్లు బాగు చేయించుకుంటూ, దుమ్ము పడుతుందని తన నిలువెత్తు స్పీకర్లు అప్పగించాడు. భార్యను పుట్టింట్లో దింపేటప్పుడు కూడా అన్ని జాగ్రత్తలు చెప్పి ఉండడు. "వినుకో, కాదనను. కాల్చావో, మన మధ్య మాటల్లేవ్."

స్పీకర్ల వెనక వంద వాట్లని రాసి ఉండడం చూసి బావ హడలిపోయాడు. వెతికి వెతికి, వాటిని పాడించడానికి ఇరవై వాట్ల బుల్లి ఆంప్లిఫయర్ తెచ్చాడు. "ఏనుగును చీమేం చేస్తుందిరా?" అన్నాడు. నేనూ పెద్ద తెలిసినవాడిలా తలూపాను.

ఇల్లే ఆయన దుకాణం. ముందుగదిలో మిషన్ గీ మంటుంటే హాల్లో పాట వినపడదు. అందుకని శబ్దం పెంచే మీట చివరికంటా తిప్పేవాడు. పాడేవాళ్ళకి గొంతు నొప్పేమో అన్నట్టు ఉండేది ఆ పాట. ఓరోజు మిషన్ ఆపి వింటే, పాటలో తాళాల చప్పుడు లేదు. స్పీకర్ల పైభాగంలో, సన్నని శబ్దాలు పలికే బుల్లి గుండ్రాలకి చెవి ఆనించాడు. రెండూ మూగబోయాయి.

ఆ రోజు నుంచి ఆయనకి నిద్ర లేదు. కొత్తవాటి కోసం దుకాణాలన్నీ తిరిగాడు. ఆ రకం ఎక్కడినుంచో రావాలన్నారు. అది రాలేదు, అన్నయ్య వచ్చేశాడు.

పాట పెట్టారు. అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. బావ కిటికీ దగ్గరికెళ్ళాడు, కర్టెన్ సర్దాడు, గుమ్మం దాకా వెళ్ళొచ్చాడు.

"ఏం చేశావురా వీటిని? మునుపు చెవిలో గుచ్చుకునేవి. ఇప్పుడు వెన్నలా ఉంది!"

అక్క నన్ను చూసింది. నేను కాఫీ కప్పులోకి చూశాను. నోరు మూసుకో బావా, గండం గడిచింది అని కళ్ళతో సైగ చేశాను.

"కాలిపోయాయి అన్నయ్యా, పైవి రెండూ," అనేశాడు బావ.

"ఎన్ని వాట్లది పెట్టావు?"

"ఇరవయ్యే! నీ భయానికే. ఏనుగును చీమేం చేస్తుందిలే అనుకున్నా."

"ఓరి నీ భయం పాడుగాను! పెద్దది పెట్టి సగం తిప్పినా హాయిగా పాడేవి కదరా. చిన్నదాని చేత గొంతు చించుకునేలా అరిపించావు. శక్తికి మించి అరిస్తే శబ్దం చితికిపోతుంది, ఆ దెబ్బంతా పడేది పైనున్న బుల్లి గుండ్రాల మీదే!"

ఆ పైన చిన్నప్పటి సైకిలుతో మొదలుపెట్టి తిట్టాడు. తిట్లు అయ్యాక మళ్ళీ విని, మొహం చిట్లించాడు. "అవునవును, మొదట్నుంచీ ఏదో వెలితిగానే ఉంది."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అంతేగా మరి బావగారూ, మీ చెవులంటే మాటలా?"

"కొత్తవి వచ్చేదాకా ఇక్కడే ఉండనీ. నా ఆంప్లిఫయర్ పంపిస్తాను. చీమని ముట్టుకోకు."

అప్పుడు కూర్చున్నాడు బావ, కుర్చీకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని. తిట్లు తిని అంత తేలిక పడ్డ మనిషిని నేనెక్కడా చూడలేదు. పాట ఒక చరణం పూర్తయింది.

"శబ్దం కాస్త ఎక్కువైనట్టు లేదూ?" అంటూ లేచాడు.

"కూర్చో!" అన్నారు అన్నయ్యా, అక్కా ఒకేసారి.