ఎల్లేష్ చెప్పిన మాట

అబిడ్స్ పేవ్‌మెంట్ మీద బ్యాగులకు జిప్పులు కుట్టే ఎల్లేష్ తక్కువ మాట్లాడతాడు. పళ్లతో దారం తెంపుతూ, ఏమడిగినా "ఔ సార్" అంటాడు. పాత కొట్లాట కేసులో అతనికి జైలుకు బదులు ప్రొబేషన్ ఇచ్చారు. నెలనెలా ఆఫీసరు దగ్గర సంతకం పెట్టాలి. రెండు నెలలు వెళ్లకపోయేసరికి నాంపల్లి కోర్టు పిలిచింది. షరతు తప్పావా అని జడ్జి అడిగితే అక్కడా "ఔ సార్" అన్నాడు.

ఉచిత న్యాయసహాయం కింద వచ్చిన వకీలు తబిత వెంటనే లేచింది. "శిక్ష వేసేముందు కారణం వినాలి సార్. అది ఆయన హక్కు."

జడ్జి పెన్ను కింద పెట్టి ఎల్లేష్‌తో, "చెప్పు" అన్నారు.

"కాలిరిగి దవాఖానల పడ్డ సార్. నడవరాలే."

దవాఖాన చీటీ చూసి జడ్జి ప్రొబేషన్ కొనసాగించారు. బయట ఎల్లేష్ చేతులు జోడిస్తే తబిత, "మాట్లాడింది నువ్వే కదన్నా" అంది.

"ఇంతవరకు నా మాటేందని ఎవ్వరు అడగలే మేడం. మీరు అడిగిపిచ్చిన్రు."