ముడి జరగని దారం

అక్క అన్నం తినేటప్పుడు ముద్దలు లెక్కపెట్టడం నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకు అప్పగించిన పని. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. వరంగల్ బజారులో నాన్నకి కిరాణా కొట్టు ఉండేది, దాని వెనక గదుల్లో మేముండేవాళ్లం. అక్క తొలి కాన్పుకని ఏడో నెలలో పుట్టింటికి వచ్చింది. డోర్నకల్ రైల్వేలో పనిచేసే బావే స్వయంగా తీసుకొచ్చి దింపి వెళ్లాడు.

మా బాపమ్మకి, అంటే నాన్న తల్లికి, ఒక గట్టి నమ్మకం ఉండేది. కడుపుతో ఉన్న పిల్ల ఎక్కువ తింటే లోపల బిడ్డ బాగా పెరిగి కాన్పు కష్టమవుతుందని. ఆ నమ్మకం ఊరికే రాలేదు. తొలి కాన్పులో బిడ్డ బయటికి రాకపోవడంతో మా మేనత్త బాపమ్మ చేతుల్లోనే కన్నుమూసిందట. అందుకే అక్కకి పూటకి అయిదు ముద్దలని గీత గీసింది. తను వంటింట్లో ఉంటే కాపలా నాది. దేవుడి గూటి ముందు కూర్చోబెట్టి నాకు అక్షరాలూ ఎక్కాలూ నేర్పింది బాపమ్మే. ఆమె నేర్పిన లెక్క ఆమెకే అక్కరకొస్తోందని నాకు ఎంత గర్వమో.

ఒక మధ్యాహ్నం అయిదూ అయ్యాక అక్క నా వంక చూసి కొంచెం నవ్వి, పెరుగన్నం మరో ముద్ద కలుపుకుంది. నేను గట్టిగా అరిచాను.

"బాపమ్మా! అక్క ఆరోది తింటాంది!"

"అగో, దొంగ దొరికింది!" అంది బాపమ్మ లోపలి నుంచి. "నీ చెల్లె పోలీసోళ్ల కన్న నయమే పిల్లా!"

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. నవ్వుతూనే ఆ ముద్దని పళ్లెంలో వదిలేసి చెయ్యి కడుక్కుంది.

మా వీధికి పదిహేను రోజులకోసారి ఒక నర్సమ్మ వచ్చేది. అక్కని పడుకోబెట్టి, పొత్తికడుపు కింద ఎముక నుంచి గర్భం పైఅంచు చేతికి తగిలే చోటు దాకా టేపు పెట్టి కొలిచేది. అంకె తన పుస్తకంలో రాసుకునేది. చదువు రాని ఆడవాళ్లకి కూడా తెలియాలని, కొట్టులో పొట్లాలు కట్టే తెల్లదారం అడిగి తీసుకుని, దానితో మళ్లీ కొలిచి ఒక ముడి వేసి ఇంట్లోనే ఉంచేది. ఈసారికీ వచ్చేసారికీ మధ్య ముడి వేలు వెడల్పు కన్నా ఎక్కువే జరగాలని చెప్పింది. ఆ దారాన్ని నేను దేవుడి గూట్లో దాచాను.

రెండోసారి వచ్చినప్పుడు ముడి మొదటి దాని పక్కనే పడింది. రెంటి మధ్య గోరు కూడా పట్టలేదు.

"పిల్ల ఏం తింటాంది అవ్వా?" అని అడిగింది నర్సమ్మ.

బాపమ్మ నోరు తెరిచేలోపే నేను చెప్పేశాను. "పూటకు అయిదు ముద్దలు. నేనే లెక్కవెడ్త."

నర్సమ్మ కోప్పడలేదు. అక్క పాదం మీద బొటనవేలితో నొక్కింది, గుంట అలాగే ఉండిపోయింది. చేతికి పట్టీ చుట్టి బీపీ రెండుసార్లు చూసింది.

"అవ్వా, చిన్నగుంటే సుళువనుకుంటున్నవు గని, బలం లేని పిల్ల నొప్పులకు తట్టుకోదు. బీపీ గూడ పెరిగింది. రేపే పెద్ద దవాఖానకు తీస్కపోండ్రి."

దవాఖానలో డాక్టరమ్మా అదే చెప్పింది. బీపీ పెరిగితే తల్లి నుంచి బిడ్డకి వెళ్లే రక్తం తగ్గుతుందట, తిండి తగ్గడం దానికి తోడయిందట. మందులిచ్చి, ఎడమ పక్కకి తిరిగి పడుకోమంది. కడుపులోకి చూసే యంత్రాలు అప్పటికి మా దాకా రాలేదు. చేతి కొలతే ఆధారం.

ఆనాటి నుంచి బాపమ్మే నెయ్యి వేసి పప్పన్నం కలిపి నోటికి అందించేది. తలనొప్పితో అక్కకి రెండు ముద్దలు కూడా దిగేవి కావు. "ఇంకొక్కటి బిడ్డా, నా బంగారం," అని బాపమ్మ బతిమాలుతుంటే నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. నాకు లెక్కపెట్టే పని పోయింది. మరే పనీ చేతకాదు. ఒక సాయంత్రం దీపం పెట్టాక, గూట్లోంచి దారం తీసి, రెండో ముడి విప్పి, ఒక వేలు పైకి జరిపి వేశాను. స్వామీ, ఇక్కడి దాకా పెంచు అని దణ్ణం పెట్టుకున్నాను.

నర్సమ్మ మూడోసారి వచ్చి అక్క కడుపు మీద దారం పరిచి, గర్భం పైఅంచు తగిలిన చోట వేలు పెట్టింది. నేను జరిపిన ముడి ఆ వేలిని దాటి ఉంది. పుస్తకంలో అంకె చూసింది, నన్ను చూసింది. నేను ఏడ్చేశాను. ఆమె నా ముడి విప్పి, ఉండాల్సిన చోట మళ్లీ వేసింది. మూడో ముడి సరిగ్గా దాని మీదే పడింది.

"దేవునికి గూడ ఉన్నది ఉన్నట్టు చెప్పాలె బిడ్డా," అంది నెమ్మదిగా.

ఆ రోజే అక్కని దవాఖానలో చేర్చుకున్నారు. నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. మా కొట్టులో కిలోన్నర బెల్లం పొట్లం ఎంతుంటుందో అంతే. దూదిలో పెట్టి తొమ్మిది రోజులు కాపాడుకున్నారు. పదో రోజు అక్క ఒడి ఖాళీ అయింది.

"పెద్దగైతదని భయపడ్డనే," అంది బాపమ్మ.

అక్కని చూడటానికి నర్సమ్మ వచ్చినప్పుడు, ఆరో ముద్ద సంగతి ఆమెకి చెప్పాను. నా వల్లేనా అని అడిగాను. కాదని తేలిగ్గా అనేయలేదు ఆమె.

"కడుపునిండ తిన్నోళ్లకు గూడ గిట్లయితది బిడ్డా. బీపీ ఎంత చేసిందో, ఆకలి ఎంత చేసిందో నాకు తెల్వది. నువ్వు పెద్దోళ్లు చెప్పిన పని చేసినవు. ఇప్పుడు తెలిసింది గదా, ఇగ మర్చిపోకు."

అబద్ధంతో నన్ను ఓదార్చనందుకు ఆమెకి ఈనాటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. నాకు లెక్క నేర్పిన బాపమ్మకీ పెట్టుకుంటాను. అంతటి భయాన్ని ఆమె ఒక్కతే మోసింది. ఆ దారం ఇప్పటికీ నా పూజ పెట్టెలో ఉంది.

మా ఇంటికి కడుపుతో ఉన్న పిల్ల ఎవరొచ్చినా, నెలనెలా కొలత చూపించుకుంటున్నావా అని ముందు అడుగుతాను. తర్వాత అన్నం, పప్పు, పెరుగు గిన్నెలతో సహా ఆమె ముందు పెట్టి, ఏదో పని ఉన్నట్టు అటు తిరిగి కూర్చుంటాను. ఆమె చెయ్యి కడుక్కున్న చప్పుడు వినబడేదాకా ఇటు తిరగను.