స్కౌటు చెయ్యి

ఆ పిల్ల కాలి మీది తెల్లమచ్చను నేను కనిపెట్టలేదు. నన్ను నమ్మి తనే చూపించింది. తనే చూపించిందన్న సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

జడ్చర్ల బడిలో కొత్తగా స్కౌటింగ్ పెట్టారు. స్కౌటు అంటే ముందుగా వెళ్లి, చూసి వచ్చి, ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి అంది పంతులమ్మ. స్కౌట్లు ఒకరికొకరు ఎడమ చెయ్యి కలుపుతారని, అది నమ్మకానికి గుర్తని కూడా చెప్పింది. ఇంట్లో ఆ మాట చెబితే అమ్మ, "ఛీ, కడుక్కునే చెయ్యి!" అని ముఖం చిట్లించింది. మొదటి అర్థం మాత్రం ఆమెకు బాగా నచ్చింది. అప్పుడే మావాళ్లు మా స్కౌటు జట్టులోని ఒక పిల్లను అన్నకు అడగాలనుకుంటున్నారు.

"గట్లయితే మా స్కౌటువు నువ్వే బిడ్డా. పిల్లకు ఏమన్న కొదవున్నదేమో జర చూసి రా."

ఆ పిల్లతో స్నేహం చేశాను. చదవడానికి పుస్తకాలిచ్చాను. ఒకనాడు బావి దగ్గర కాళ్లు కడుక్కుంటూ ఆమె లంగా అంచు ఎత్తి చింతగింజంత మచ్చ చూపింది.

"మా అమ్మకు తప్ప ఎవ్వలికి తెల్వదు. నువ్వు చెప్పవు గదా?"

చెప్పనన్నాను. సాయంత్రమే చెప్పేశాను. మావాళ్లు సంబంధం వద్దని, కారణంతో సహా కబురు పంపారు. "మా స్కౌటువి డేగ కండ్లు!" అని అమ్మ నా తల నిమిరింది. నా మీద నాకే రోత పుట్టింది. నిఘంటువు తీస్తే స్కౌటు అన్న మాటకు 'వేగు' అని ఉంది. జరిగిందంతా డైరీలో రాసుకున్నాను కానీ, చూడబుద్ధి కాక ఆ కాగితం చింపేశాను.

తర్వాతి శనివారం జట్టంతా చేతులు కలిపే వేళ ఆమెకు నా ఎడమ చెయ్యి చాచాను. ఆమె తన చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"ముందు గా చెయ్యి కడుక్కోని రాపో."